గార్సియా ఇంటివారు



ఈ స్మారకోపన్యాసం జరిపించే ధర్మనిధి ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారు జీవితమంతా చరిత్ర చెప్పారు. రాజవంశాలు బోర్డు మీద రాస్తూనే, రాజులు కాని వాళ్ళ వంశాలు ఎక్కడ దొరుకుతాయో వెతకమని శిష్యుల్ని వెంటపడి అడిగేవారు. ఆ మాట మనసులో పెట్టుకుని ఈ సాయంత్రానికి ఒక ఇంటిపేరును తీసుకున్నాను. స్పెయిన్‌లో పుట్టి, సముద్రాలు దాటి, ఈనాడు లక్షలాది మందికి ఊరూ పేరూ అయిన ఇంటిపేరు: గార్సియా.

తెలుగు పాఠకుడికి ఇద్దరు గార్సియాలు బాగా తెలుసు. కాకపోతే గార్సియాలుగా తెలియదు. ఒకరు ఫెదెరికో గార్సియా లోర్కా, రెండోవారు గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్. మనం లోర్కా అంటాం, మార్క్వెజ్ అంటాం. ఆ రెండూ వాళ్ళ అమ్మల ఇంటిపేర్లు. లోర్కా తండ్రి ఫెదెరికో గార్సియా రోడ్రిగెజ్, తల్లి విసెంతా లోర్కా రొమేరో. స్పెయిన్ పద్ధతిలో బిడ్డకు రెండు ఇంటిపేర్లుంటాయి: ముందు తండ్రిది, తర్వాత తల్లిది. లైబ్రరీ కేటలాగులో ఈ ఇద్దర్నీ 'గా' దగ్గర వెతకాలి. మరి 'లోర్కా' అని ఎందుకు స్థిరపడింది? స్పెయిన్‌లో గార్సియా అంటే ఎవరికీ ఆనవాలు దొరకదు. ఈ రోజున అక్కడ 14 లక్షలకు పైగా మనుషులకు అది మొదటి ఇంటిపేరు. అంటే నూటికి ముగ్గురు. తండ్రి వైపూ గార్సియా, తల్లి వైపూ గార్సియా అయి 'గార్సియా గార్సియా' అని రాసుకునేవాళ్ళే 70 వేలకు పైగా ఉన్నారు. అంత జనంలో ఒక కవిని గుర్తుపట్టడానికి అమ్మ ఇంటిపేరే దిక్కయింది.

మార్క్వెజ్ సంగతి ఇంకా లోతైనది. ఆయన తండ్రి గాబ్రియేల్ ఎలీజియో గార్సియా కొలంబియాలో పెళ్ళికాని తల్లికి పుట్టాడు. ఆ తల్లి పేరు అర్హెమీరా గార్సియా. బిడ్డను కన్న మగవాడి ఇంటిపేరు మార్టినెజ్. అతను ఆమెను పెళ్ళి చేసుకుని ఉంటే, 1982లో నోబెల్ అందుకున్న రచయిత గాబ్రియేల్ మార్టినెజ్ మార్క్వెజ్ అయ్యుండేవాడు. ప్రపంచంలో అందరికన్నా పేరుమోసిన గార్సియాకు ఆ ఇంటిపేరు నాయనమ్మ నుంచి వచ్చింది. వంశం మగవాళ్ళ వెంట నడుస్తుందనీ, ఇంటిపేరు దానికి సాక్ష్యమనీ నమ్మేవాళ్ళు ఈ ఒక్క కుటుంబం దగ్గర కాసేపు ఆగాలి.

ఇంతకీ గార్సియా మొదట్లో ఇంటిపేరే కాదు, మనిషి పేరు. పిరనీస్ కొండల దగ్గర, బాస్క్ భాష మాట్లాడే సీమలో మధ్యయుగాల తొలినాళ్ళ నుంచీ వినిపిస్తుంది. బాస్క్‌లో ఎలుగుబంటిని చెప్పే మాట నుంచి వచ్చిందని కొందరు, 'పడుచువాడు' అనే మాట నుంచి అని ఇంకొందరు పండితులు వాదించారు. ఆ తగవు తీరలేదు, ఈ రోజు మన పనికి అది తీరనక్కర కూడా లేదు.

మనకు పనికొచ్చేది అదే సీమలోని పాంప్లోనా రాజుల వరస. 905లో గద్దెనెక్కినవాడు సాంచో గార్సేస్, అంటే గార్సియా కొడుకు సాంచో. అతని కొడుకు గార్సియా సాంచెజ్, అంటే సాంచో కొడుకు గార్సియా. వాడి కొడుకు మళ్ళీ సాంచో గార్సేస్. వాడి కొడుకు మళ్ళీ గార్సియా సాంచెజ్. ఇలా తాత పేరు మనవడికి పెడుతూ, 1076లో నాలుగో సాంచో గార్సేస్ హత్యకు గురయ్యేదాకా ఏడు తరాలు తప్పకుండా సాగింది. ఏడు తరాల పాటు ఒకే రక్తం, ఒకే సింహాసనం. అయినా తండ్రికీ కొడుక్కీ పేరు చివర ఒకే మాట ఒక్కసారి కూడా లేదు. ఆనాడు పేరు చివర ఉండేది తండ్రి పేరే గాని ఇంటిపేరు కాదు. తరం మారితే అదీ మారిపోయేది.

సాంచెజ్, రోడ్రిగెజ్, ఫెర్నాండెజ్, మార్టినెజ్ అన్నీ ఇలా పుట్టినవే: సాంచో కొడుకు, రొడ్రీగో కొడుకు, ఫెర్నాండో కొడుకు, మార్టిన్ కొడుకు. గార్సియాకు మటుకు ఒక వింత జరిగింది. కొడుకును చెప్పే తోక తగిలించిన గార్సేస్ అనే రూపం ఉన్నా, చాలామంది తోక లేకుండానే తండ్రి పేరును యథాతథంగా చివర పెట్టుకున్నారు. తరతరానికీ మారే ఈ పేర్లు మధ్యయుగాల చివరి శతాబ్దాల్లో నెమ్మదిగా గడ్డకట్టాయి. ఆస్తి పత్రాలు, పన్ను పద్దులు అందుకు కొంత కారణం. 16వ శతాబ్దిలో ట్రెంట్‌లో జరిగిన కేథలిక్ మహాసభ తర్వాత ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలకూ పెళ్ళిళ్ళకూ రిజిస్టర్ పెట్టడం ఖాయమయ్యాక ఆ పని దాదాపు పూర్తయింది. ఏ ఊళ్ళో ఏ గార్సియా కొడుకు ఆ సమయానికి ఉన్నాడో వాడి పిల్లలంతా గార్సియాలుగా నిలిచిపోయారు. ఆ కాలానికి గార్సియా అనే పేరు కస్తీల్, లియోన్ రాజ్యాల్లో ఊరూరా ఉంది. కనక గార్సియాలకు మూలపురుషుడు ఒకడు కాదు, వేలమంది. ఒకరికొకరు ఏమీ కాని వేలమంది.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. 'గార్సియా వంశ రాజచిహ్నం' అని చట్రం కట్టి అమ్మే దుకాణాలు లోకమంతా ఉన్నాయి. అది ఏదో ఒక కుటుంబానికి చెందిన చిహ్నం. దాన్ని గార్సియాలందరికీ అంటగట్టడం అబద్ధం. మూలాలు తెలుసుకోవాలన్న నిజమైన ఆకలి ఉన్నవాళ్ళకు ఇంత తేలిక సరుకు అమ్మడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పైగా గార్సియాలంతా రక్తంలో పాత క్రైస్తవులు కూడా కారు. 1492లో యూదుల్ని మతం మారండి లేదా దేశం విడవండి అన్నారు. పదేళ్ళు తిరక్కుండా కస్తీల్ ముస్లింలకూ అదే చెప్పారు. మారినవాళ్ళు చాలాసార్లు బాప్తిస్మం నాడు పక్కన నిలబడిన జ్ఞానపితల ఇంటిపేర్లు తీసుకున్నారు. ఎంత మామూలు పేరైతే అంత క్షేమం కదా. ఆ తర్వాత మతద్రోహుల్ని వెతికే చర్చి న్యాయస్థానం ఇన్‌క్విజిషన్ నడుస్తూ, 'నెత్తుటి శుద్ధి', అంటే పూర్వీకుల్లో యూదులూ ముస్లింలూ లేరని, రుజువు చేయమని సంస్థలు పట్టుబట్టిన శతాబ్దాల్లో, ఎవరి గుట్టూ బయటపెట్టని ఇలాంటి పేర్లు ఎన్ని కుటుంబాలకు నీడనిచ్చి ఉంటాయో!

ఇక్కడ మన దక్కనుకు దగ్గరగా వచ్చిన ఒక గార్సియాను తలచుకోవాలి. ఆయనకిది ఇంటిపేరు కాదు, పెట్టిన పేరే: గార్సియా ద ఓర్తా. స్పెయిన్ వెళ్ళగొట్టిన యూదుల బిడ్డ. తల్లిదండ్రులు సరిహద్దు దాటి పోర్చుగల్‌లో తలదాచుకుంటే, కాస్తెలో ద విదె అనే ఊళ్ళో పుట్టాడు. వైద్యం చదివి 1534లో గోవా చేరాడు. అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షాకు వైద్యం చేశాడు, అక్కడి హకీములతో చర్చించాడు, మన మూలికల్నీ సుగంధ ద్రవ్యాల్నీ పరిశీలించాడు. 1563లో గోవాలో అచ్చయిన ఆయన సంభాషణల గ్రంథం ఐరోపాకు భారతీయ ఔషధాలను కళ్ళారా చూసినవాడి మాటగా పరిచయం చేసింది. 1568లో ఆయన పోయాడు. మరుసటి ఏడు ఆయన చెల్లెలు కతరీనాను యూదు మతం వీడలేదన్న నేరం మోపి గోవాలో సజీవంగా దహనం చేశారు. 1580లో ఆయన ఎముకల్నీ సమాధిలోంచి తవ్వి తీసి కాల్చారు. పేరు చూస్తే పదహారణాల ఐబీరియన్. ఆ పేరు ఆయన ఎముకల్ని కూడా కాపాడలేకపోయింది.

అదే శతాబ్దంలో భూగోళానికి అవతలి వైపు ఇంకో కథ. పెరూలోని కూస్కోలో 1539లో ఒక స్పానిష్ కెప్టెన్‌కూ ఇంకా జాతి రాజకుమారి చింపు ఒక్లోకూ కొడుకు పుట్టాడు. వాడికి పెట్టిన పేరు గోమెజ్ సువారెజ్ ద ఫిగెరోవా, తండ్రి వైపు పెద్దల పేరు. స్పెయిన్ వెళ్ళి, తండ్రికి రావలసిన గుర్తింపు కోసం దర్బారులో తిరిగి, కాదనిపించుకున్నాక, 1563లో అతను తండ్రి పేరునే తన పేరుగా మార్చుకున్నాడు: గార్సిలాసో ద లా వేగా. గార్సిలాసో అంటే గార్సియా, లాసో కలిసిన పేరు. తర్వాత దాని ముందు 'ఇంకా' అని తల్లి జాతిని చేర్చుకున్నాడు. 1609లో లిస్బన్‌లో అచ్చయిన ఇంకాల చరిత్ర మీద ఉన్నది ఈ రెండూ కలిసిన పేరే. మీది ఏ పక్షం అని అడిగిన లోకానికి ఆయన ఒకటి వదిలి ఇంకోటి చెప్పలేదు. పాంప్లోనా రాజుల పేరును ఇంకా అనే మాట పక్కన నిలబెట్టిన ఆ ధీమా అంటే నాకు ఎంతో గౌరవం.

అమెరికా ఖండాలన్నిటా పద్ధతి అంత హుందాగా లేదు. బాప్తిస్మం ఇచ్చిన ఫాదిరీ పేరో, భూస్వామి పేరో, బానిసను కొన్న యజమాని పేరో రిజిస్టర్లో ఎక్కింది. మెక్సికోలో ఈనాడు అత్యధికంగా వినిపించే రెండు మూడు ఇంటిపేర్లలో గార్సియా ఒకటి. వాళ్ళలో ఎందరికి స్పెయిన్ పూర్వీకుడు ఉన్నాడో ఆ పేరు మటుకు చెప్పదు. నహువా, మాయా, మిష్తెక్ భాషలు మాట్లాడే ఊళ్ళలోనూ గార్సియాలు ఉన్నారు.

ఫిలిప్పీన్స్‌కు వస్తే ఇంటిపేరు ఏకంగా ఫర్మానా మీద దిగింది. 1849 నవంబరు 21న గవర్నర్ జనరల్ నర్సీసో క్లావెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పద్ధతి అంటే ఎంత పట్టుదల గల మనిషంటే, ఐదేళ్ళ ముందు ఆసియా తేదీతో ద్వీపాల తేదీ కలపడానికి 1844 డిసెంబరు 31ని పంచాంగం నుంచే ఎత్తేయించాడు. ఆ ఏడు డిసెంబరు 30 తర్వాతి రోజు జనవరి 1. ఈసారి ఆయన చూపు ఇంటిపేర్ల మీద పడింది. జనం తోచినట్టు సాధువుల పేర్లు, 'శిలువ' అనే అర్థం గల దే లా క్రూజ్ లాంటివి పెట్టుకుంటున్నారనీ, ఒకే పేరుతో వేలమంది ఉండటంతో న్యాయానికీ పన్నులకూ పెళ్ళిలో వావివరసలకూ చిక్కు వస్తోందనీ ఆయన వాదం. సుమారు 60 వేల ఇంటిపేర్లతో అక్షరక్రమంలో ఒక జాబితా తయారైంది. అందులో స్పానిష్ ఇంటిపేర్లే కాదు, మొక్కల పేర్లు, ఊళ్ళ పేర్లు, స్థానిక భాషల మాటలు కూడా ఉన్నాయి. జాబితాను జిల్లా అధికారులకు పంపారు, వాళ్ళు ఊళ్ళకు పంచారు. కుటుంబ పెద్ద వచ్చి ఒక పేరు తీసుకోవాలి, లేదా ఇచ్చింది పుచ్చుకోవాలి. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు నడుస్తున్న వాళ్ళకు మటుకు దాన్ని అట్టిపెట్టుకోనిచ్చారు.

అమలులో ఏం జరిగిందో ఆల్బాయ్ జిల్లాకు వెళ్తే నేటికీ కనిపిస్తుంది. జాబితాలోని పుటలు ఊరికిన్ని చొప్పున పంచేసరికి, ఓవాస్ అనే ఊళ్ళో ఇంటిపేర్లు విశేషంగా 'ఆర్' అక్షరంతో మొదలవుతాయి. గినోబాతాన్‌లో 'ఓ'తో. మనిషి ఇంటిపేరు మొదటి అక్షరం వింటే తాతల ఊరు చెప్పగల పెద్దలు అక్కడ ఉన్నారు. అధికారి ఒకడు కాగితాలు పంచిన తీరు జనానికి ఊరి గుర్తయి కూర్చుంది.

అంచేత ఫిలిప్పీన్స్‌లో ఇంటిపేరు స్పానిష్‌ది అయినంత మాత్రాన స్పెయిన్ రక్తం ఉన్నట్టు కాదు. ఆ ద్వీపాల్లో స్పానిష్ వాళ్ళు ఎప్పుడూ పిడికెడుమందే. అయినా దే లా క్రూజ్ తర్వాత అక్కడ అతి మామూలు ఇంటిపేర్లలో గార్సియా నిలుస్తుంది. ఆ గార్సియాల్లో ఒకాయన, బొహోల్ ద్వీపంలోని తాలీబోన్‌లో 1896లో పుట్టిన కార్లోస్ పి. గార్సియా, 1957లో అధ్యక్షుడు మగ్‌సైసాయ్ విమాన ప్రమాదంలో పోయాక దేశాధ్యక్షుడయ్యాడు. పాలనలో 'ముందు ఫిలిపీనో' అన్నది ఆయన విధానం, విసాయా భాషలో కవిత్వం ఆయన వ్యసనం. మధ్యలో ఉన్న 'పి' పొలెస్తీకో, తల్లి ఇంటిపేరు. చూశారా, అమెరికన్ల పాలన వచ్చాక అక్కడ తల్లి ఇంటిపేరు మధ్యకు జరిగి తండ్రిది చివరికి వెళ్ళింది. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌లో గార్సియా నడుమ ఉంటుంది, కార్లోస్ పొలెస్తీకో గార్సియాలో చివర ఉంటుంది. రెండు చోట్లా అది నాన్న ఇంటిపేరే.

ఐరోపాలో స్పెయిన్ బయట గార్సియా పేరు సంగీతంతో మోగింది. సెవిల్‌లో పుట్టిన మాన్యుయెల్ గార్సియా 1816లో రోమ్‌లో రొస్సీని ఒపెరా 'బార్బర్ ఆఫ్ సెవిల్' తొలి ప్రదర్శనలో అల్మవీవా పాత్ర పాడాడు, 1825లో కుటుంబాన్నంతా వెంటబెట్టుకుని న్యూయార్క్‌కు ఇటాలియన్ ఒపెరా తీసుకెళ్ళాడు. ఆయన కూతుళ్ళు మరియా మలిబ్రాన్, పోలీన్ వియార్దో ఆ శతాబ్దపు మహా గాయనులు, పెళ్ళయ్యాక లోకం వాళ్ళను భర్తల ఇంటిపేర్లతోనే ఎరుగును. కొడుకు రెండో మాన్యుయెల్ గార్సియా సంగీతం నేర్పే గురువు. గొంతులో స్వరం ఎలా పుడుతుందో చూడాలన్న తపన ఆయనకు. 1854లో పళ్ళ డాక్టర్లు వాడే పొడుగు కాడ చిన్న అద్దం ఒకటి గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో సూర్యకాంతి దాని మీదికి మళ్ళించి, తన స్వరతంత్రులు తానే కదలుతుండగా చూశాడు. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ పరిశీలన నివేదించాడు. ఈనాడు ఈఎన్‌టీ డాక్టర్లు గొంతు చూసే పద్ధతికి అది మొదలు. ఆయన నూటొక్కేళ్ళు బతికి 1906లో లండన్‌లో కన్నుమూశాడు.

ఇక అమెరికా సంయుక్త రాష్ట్రాలు. అక్కడి గార్సియాలందరూ వలస వచ్చినవాళ్ళన్న భ్రమ మన వాళ్ళలోనూ ఉంది. 1848 ఒప్పందంతో మెక్సికో ఉత్తర భూములు అమెరికాకు పోయినప్పుడు, న్యూ మెక్సికోలో, కాలిఫోర్నియాలో గార్సియాలు తమ ఇళ్ళలోనే ఉన్నారు. కదిలింది సరిహద్దు. వాళ్ళకు తర్వాత మెక్సికో, క్యూబా, ప్యూర్టో రికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్ళు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళు కలిశారు. 1990 జనాభా లెక్కల్లో గార్సియా ఆ దేశపు ఇంటిపేర్లలో 18వది. 2000లో 8వది. 2010లో 11,66,120 మందితో 6వది, మిల్లర్, డేవిస్ కన్నా ముందు.

ఆ అంకెల వెనుక మనుషులు పడ్డ పాటు కూడా చెప్పాలి. 1950 జనాభా లెక్కల్లో అమెరికా ప్రభుత్వం నైరుతిలోని ఐదు రాష్ట్రాల్లో 'స్పానిష్ ఇంటిపేరు గలవారు' అని ఒక ప్రత్యేక వర్గమే పెట్టి లెక్కించింది. అప్పటికి టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీలో హెక్టర్ పి. గార్సియా అనే డాక్టర్ ఉన్నాడు. మెక్సికోలో పుట్టి, టెక్సస్‌లో పెరిగి, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. తిరిగొచ్చిన మెక్సికన్ అమెరికన్ సైనికులకు దక్కాల్సినవి దక్కడం లేదని 1948లో అమెరికన్ జీఐ ఫోరం అనే సంఘం స్థాపించాడు. మరుసటి ఏడు ఫీలిక్స్ లొంగోరియా సంగతి వచ్చింది. 1945లో ఫిలిప్పీన్స్‌లో పోరాడుతూ చనిపోయిన ఆ సైనికుడి అవశేషాలు స్వస్థలమైన త్రీ రివర్స్‌కు రావలసి ఉండగా, తెల్లవాళ్ళు ఒప్పుకోరని చెప్పి అక్కడి శవసంస్కార శాల తన ప్రార్థన మందిరం ఇవ్వలేదు. డాక్టర్ గార్సియా టెలిగ్రాముల మీద టెలిగ్రాములు ఇచ్చాడు. కొత్తగా సెనేటరైన లిండన్ జాన్సన్ జవాబిచ్చాడు. 1949 ఫిబ్రవరి 16న లొంగోరియాను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. దేశం కోసం ప్రాణమిచ్చినవాడికి సొంత ఊళ్ళో చోటు లేకుండా చేసిన చూపు ఎలాంటిదో, ఇంటిపేరు విని మనిషిని తూకం వేయడం ఎక్కడికి దారితీస్తుందో ఇంతకన్నా స్పష్టంగా నేను చెప్పలేను.

ఇంటిపేరు పూర్వీకుల రక్తం గురించి చెప్పేది తక్కువ. ఎవరి చేతిలో కలం ఉండి ఎవరి పేరు రాశారో, ఆ రాసిన రోజున ఎవరి బలం ఎంతో, దాని గురించి చెప్పేది చాలా ఎక్కువ. పాంప్లోనాలో రాజు, ట్రెంట్ తర్వాత ఫాదిరీ, మనీలాలో గవర్నరు, వాషింగ్టన్‌లో జనాభా లెక్కల గుమాస్తా. గార్సియా వాళ్ళందరి చేతుల మీదుగా వచ్చింది. ఇన్ని చేతులు మారాక కూడా ఆ పేరును సొంతం చేసుకుని, కవిత్వం రాసి, వైద్యం చేసి, నిలబడినవాళ్ళదే ఘనత.

స్పెయిన్‌లో ఆ కలం ఇప్పుడు కొంత తల్లుల చేతికి కూడా వచ్చింది. రెండు ఇంటిపేర్ల ఆచారం 1870 నాటి పౌర రిజిస్టర్ చట్టంతో దేశమంతా స్థిరపడింది, అయితే ముందు తండ్రిదే. 1999లో తల్లిదండ్రులు ఒప్పుకుంటే తల్లిది ముందు పెట్టవచ్చన్నారు. 2017 నుంచి తండ్రి ఇంటిపేరుకు చట్టంలో ఉన్న పైచేయి పోయింది.

ఇక మన ఇంటిపేర్ల సంగతి. మన పిల్లలు అమెరికా వెళ్తున్నారు. ముందుండే మన ఇంటిపేరు అక్కడ చివరికి వెళ్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు సొంత పేరు ఇంటిపేరై కూర్చుని, దాని ముందు వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, మొదటి పేరు తెలియదని. మూడు తరాల తర్వాత వాళ్ళ మునిమనవలు ఆ పేరు పట్టుకుని వంశం వెతుకుతారు. అప్పుడు వాళ్ళకు దారి చూపేది మనం దాచిపెట్టిన కాగితమే. మీ ఇళ్ళలో పాత స్కూలు రిజిస్టర్ల నకళ్ళు, పట్టాలు, శుభలేఖలు, తాతలు రాసిన పద్దులు ఉంటే పారేయకండి. ఫొటో తీసి, ఏ ఊరు, ఎవరిది, ఏ ఏడు అన్నది వెనుక రాసి, ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. నాయనమ్మలవీ అమ్మమ్మలవీ పుట్టింటి ఇంటిపేర్లు కూడా అందులో తప్పకుండా రాయండి.